థర్డ్ పార్టీ కంట్రోలరా, ఒరిజినలా? రిటర్న్ గడువు లోపే తేల్చుకోవడం ఎలా

"అన్నా, రెండు వేలకు ఒక థర్డ్ పార్టీ గేమ్ కంట్రోలర్ వస్తోంది, తీసుకోమంటావా? లేక ఆరు వేలు పెట్టి ఒరిజినలే కొనమంటావా?" ఈ ప్రశ్నకు ఇన్నాళ్లూ ఒక్కొక్కరికీ ఫోన్లో జవాబు చెబుతూ వచ్చాను. ఇక ఓపిక లేదు, అందుకే రాసి పెడుతున్నా. ఇకమీదట అడిగినవాళ్లకు ఇదే పంపిస్తా.

ఏ మోడల్ కొనాలో మాత్రం చెప్పను. ఒకే మోడల్‌వి రెండు తెప్పిస్తే ఒకదాని స్టిక్ (బొటనవేలితో తిప్పే చిన్న మీట) వెన్నలా తిరిగి, రెండోదాని స్టిక్ మొదటి రోజే పక్కకు లాగడం కళ్లారా చూశాను. రివ్యూ చేసినవాడి చేతికి వచ్చిన పీస్ వేరు, మీకు వచ్చింది వేరు. మీకు వచ్చిన ఆ ఒక్కదాన్నీ ఇంట్లో కూర్చుని గంటన్నరలో కొలతలు తీసి, ఒక సాయంత్రం ఆడి పరీక్షించుకోవచ్చు. చెప్పేది ఆ పద్ధతి. ఎక్కువమంది అడిగేది కంప్యూటర్ మీద ఆడటానికే కాబట్టి నేను ఒరిజినల్ అన్నప్పుడల్లా మైక్రోసాఫ్ట్ వారి ఎక్స్‌బాక్స్ వైర్‌లెస్ కంట్రోలర్ అనుకోండి. సోనీ ప్లేస్టేషన్ (పీఎస్4, పీఎస్5) వాళ్లకు అక్కడక్కడా విడిగా చెబుతాను.

ముందు సరుకు ఏ రకమో చూడండి

థర్డ్ పార్టీ అంటే కన్సోల్ (టీవీకి తగిలించి ఆడే గేమ్ మెషీన్) కంపెనీ కాక వేరేవాళ్లు చేసింది. ఆ ఒక్క మాట కింద మూడు రకాల సరుకు తిరుగుతోంది. మొదటిది, కన్సోల్ కంపెనీ దగ్గర లైసెన్సు తీసుకుని చేసేది. ఎక్స్‌బాక్స్‌కైతే డబ్బా మీద "డిజైన్డ్ ఫర్ ఎక్స్‌బాక్స్" ముద్ర ఉంటుంది. రెండోది, లైసెన్సు ఉన్నా లేకున్నా తన పేరు తనే వేసుకుని అమ్ముకునేది: ఎయిట్‌బిట్‌డూ, గేమ్‌సర్, మన దగ్గర రెడ్‌గేర్, కాస్మిక్ బైట్ వగైరా. మూడోది సోనీ పేరుతో, సోనీ లోగోతో, సోనీ డబ్బాలో వచ్చే సోనీది కాని సరుకు. దాన్ని థర్డ్ పార్టీ అనడం మొదటి రెండు రకాలకూ అవమానం. అది డూప్లికేట్.

మా బామ్మర్ది ఓ షాపులో పీఎస్4 కంట్రోలర్ 1,800కి కొనుక్కొచ్చాడు. "ఒరిజినలే, బిల్లు లేకుండా ఇస్తున్నాం కాబట్టి ఆ రేటు" అన్నారట. పైకి అచ్చం అదే. టచ్‌ప్యాడ్ నొక్కితే టక్కుమంటుంది, మీద వేలు రాస్తే మాత్రం ఉలుకూ పలుకూ లేదు. కంట్రోలర్‌ను అటూ ఇటూ వంచితే గైరో (వంపును పసిగట్టే సెన్సర్) కదలదు. వెనక్కి ఇవ్వడానికి బిల్లు లేదు. కాబట్టి ఈ మూడో రకాన్ని పరీక్షించే శ్రమ కూడా పెట్టుకోకండి. ఇక్కడి నుంచి చెప్పేదంతా మొదటి రెండు రకాల గురించే.

కావలసినవి

- కొత్త కంట్రోలర్, దాని డబ్బా, బిల్లు.
- పోల్చడానికి ఒక ఒరిజినల్. మీ దగ్గర లేకపోతే స్నేహితుడి దగ్గర గంటసేపు అడిగి తెచ్చుకోండి. వాడినదైనా ఫర్వాలేదు గానీ డ్రిఫ్ట్ (స్టిక్ ముట్టుకోకున్నా పక్కకు లాగడం) ఉన్నది తేకండి.
- విండోస్ కంప్యూటర్, ఒక బ్రౌజర్.
- డేటా కూడా పంపే యూఎస్‌బీ కేబుల్. ఛార్జింగ్‌కి మాత్రమే పనికొచ్చే కేబుల్ పెట్టి "కంట్రోలర్ గుర్తుపట్టట్లేదు" అని నన్ను రాత్రి పదకొండింటికి లేపినవాళ్లు ఉన్నారు.
- స్లో మోషన్ వీడియో తీసే ఫోన్. సెకనుకు 240 ఫ్రేములైతే మేలు.
- కాగితం, పెన్ను. అంకెలు రాసుకోకపోతే రెండో కంట్రోలర్ పట్టుకునేసరికి మొదటిది ఎలా ఉందో మరిచిపోతారు.

1. కొనకముందే: మీ మెషీన్ దాన్ని ఒప్పుకుంటుందా?

ఈ ఒక్క మెట్టు దగ్గరే సగం డబ్బు నీళ్లపాలవుతుంది.

ఎక్స్‌బాక్స్ కన్సోల్ ఉంటే లైసెన్సు ముద్ర ఉన్నదే కొనండి. అనుమతి లేని యాక్సెసరీలను ఆ కన్సోళ్లలో పనిచేయనివ్వకుండా ఆపడం మైక్రోసాఫ్ట్ 2023 నవంబర్ 12 నుంచి మొదలుపెట్టింది. అంతకుముందు చక్కగా నడిచినవి కూడా ఆగిపోయాయి. డబ్బా మీద "కంపాటిబుల్ విత్ ఎక్స్‌బాక్స్" అని మాత్రమే ఉంటే అది కంప్యూటర్‌లో నడుస్తుందేమో గానీ కన్సోల్‌లో నడుస్తుందనడానికి హామీ కాదు.

పీఎస్5 వాళ్లు ఇంకా జాగ్రత్తగా ఉండాలి. పీఎస్4 కోసం చేసిన కంట్రోలర్, అది సోనీ వారి సొంత డ్యూయల్‌షాక్ 4 అయినా సరే, పీఎస్5లో పీఎస్4 గేములకే పనికొస్తుంది. పీఎస్5 గేమ్ పెడితే తీసుకోదు. "పీఎస్4/పీఎస్5 రెండింటికీ" అని రాసి అమ్మేవాటిలో చాలావాటికి అర్థం ఇదే.

కంప్యూటర్ వాళ్లకు ఈ తలనొప్పి తక్కువ. కంట్రోలర్‌కు ఎక్స్‌ఇన్‌పుట్ మోడ్ ఉందా లేదా అన్నది చూస్తే చాలు. ఎక్స్‌బాక్స్ 360 కాలంలో, 2005లో, మైక్రోసాఫ్ట్ తెచ్చిన పద్ధతి అది. ఇప్పటి కంప్యూటర్ గేముల్లో ఎక్కువభాగం కంట్రోలర్‌తో దాని ద్వారానే మాట్లాడతాయి.

ఫోన్లో ఆడటానికైతే ముందు మీ గేమ్ సెట్టింగ్స్‌లో కంట్రోలర్ అనే మాట ఉందో లేదో చూడండి. లేకపోతే కీ మ్యాపింగ్ యాప్‌లు (బటన్ నొక్కితే తెర తాకినట్టు చేసేవి) వెయ్యాల్సి వస్తుంది. ఆన్‌లైన్ గేముల్లో అలాంటివాటితో అకౌంట్ బ్యాన్ అయ్యే ప్రమాదం ఉంది. నన్నడిగితే ఆ పని కోసం కంట్రోలర్ కొనొద్దు.

కార్ల గేములు ఆడేవాళ్లకు ఇంకోటి. నింటెండో కంపెనీ కన్సోల్ స్విచ్ కోసం చేసిన కంట్రోలర్లలో చాలావాటికి ట్రిగ్గర్లు (వెనకవైపు చూపుడు వేళ్లతో నొక్కేవి) ఆన్, ఆఫ్ అంతే. స్విచ్ ప్రో కంట్రోలరే అంత. సగం ఆక్సిలేటర్ ఇవ్వడం కుదరదు. పైగా ఏ-బీ, ఎక్స్-వై అక్షరాలు కూడా ఎక్స్‌బాక్స్‌కు తారుమారుగా ఉంటాయి.

2. డబ్బా విప్పేటప్పుడు

సీల్ తీయకముందే వీడియో మొదలుపెట్టండి, కట్ చేయకుండా కంట్రోలర్ ఆన్ అయ్యేదాకా తీయండి. డబ్బా మీద దిగుమతిదారు పేరు, చిరునామా, ఎంఆర్‌పీ, నెల-సంవత్సరం, కస్టమర్ కేర్ వివరాలు ఉండాలి. ఇవేవీ లేకుండా ఉత్త ఇంగ్లీషు, చైనీస్ రాతలే ఉంటే వారంటీ అడగడానికి మనిషే లేడని అర్థం.

రిటర్న్ ఎన్ని రోజులో, అది డబ్బు వాపసో లేక మార్చి ఇవ్వడం మాత్రమేనో చూసి కాగితం మీద మొదటి లైనుగా రాసుకోండి. ఆ తేదీకి రెండు రోజుల ముందే కింది పరీక్షలన్నీ అయిపోవాలి.

3. మోడ్ సరిచేసుకోండి

నాకు వచ్చే "పనిచేయట్లేదు" ఫిర్యాదుల్లో పెద్ద వాటా దీనిదే. థర్డ్ పార్టీవాటిలో రెండు మూడు మోడ్‌లుంటాయి: కంప్యూటర్‌కు ఎక్స్‌ఇన్‌పుట్, పాత గేములకు డైరెక్ట్‌ఇన్‌పుట్, స్విచ్‌కు ఒకటి, ఆండ్రాయిడ్‌కు ఒకటి. కొన్నింటికి వెనక చిన్న మీట ఉంటుంది. కొన్నింటిలో హోమ్ బటన్ కొన్ని సెకన్లు నొక్కిపడితే మారుతుంది. ఏ మోడల్‌కు ఏమిటో మాన్యువల్‌లో ఉంటుంది, ఆ చిట్టి కాగితాన్ని పారేయకండి.

సరిగ్గా ఉందో లేదో చూడటానికి: విండోస్ బటన్, ఆర్ కలిపి నొక్కండి. వచ్చిన పెట్టెలో ఇంగ్లీషులో జే, ఓ, వై, చుక్క, సీ, పీ, ఎల్ కొట్టి ఎంటర్ నొక్కండి. కంట్రోలర్ల జాబితా వస్తుంది. అందులో ఎక్స్‌బాక్స్ 360 కంట్రోలర్ అనో ఎక్స్‌బాక్స్ కంట్రోలర్ అనో కనిపిస్తే మోడ్ సరిగ్గా ఉన్నట్టే. కొన్న బ్రాండ్ పేరు కనబడలేదని కంగారు పడొద్దు.

ఆ కిటికీలోనే ప్రాపర్టీస్‌కి వెళ్లి రెండు ట్రిగ్గర్లూ ఒకేసారి నొక్కితే గీత మధ్యలోకి వచ్చేసి ఏమీ నొక్కనట్టు చూపిస్తుంది. తప్పు కంట్రోలర్‌ది కాదు. ఆ పాత కిటికీ రెండు ట్రిగ్గర్లనూ ఒకే గీత మీద చూపిస్తుంది. ఇది తెలియక మంచి కంట్రోలర్‌ను వెనక్కి పంపినవాళ్లున్నారు. అక్కడే క్యాలిబ్రేట్ (అంకెలను సరిదిద్దడం) అనే బటన్ కూడా ఊరిస్తుంది, దాని జోలికి పోకండి. ఎక్స్‌ఇన్‌పుట్ గేములకు అది అంటదు. కంట్రోలర్‌కు తనదైన క్యాలిబ్రేషన్ ఉంటే మాన్యువల్‌లో చెప్పినట్టే చేయాలి.

4. బటన్లు ఒక్కొక్కటీ

ముందు స్టీమ్ (గేములు కొని ఆడే ప్రోగ్రామ్) నడుస్తుంటే పూర్తిగా మూసేయండి. అది మధ్యలో దూరి ఒక ఉత్తుత్తి కంట్రోలర్‌ను సృష్టించి ఒకటికి రెండు చూపించవచ్చు. తర్వాత బ్రౌజర్‌లో గేమ్‌ప్యాడ్ టెస్టర్ అని వెతికి ఏదో ఒక పేజీ తెరిచి, కంట్రోలర్ మీద ఏదైనా బటన్ నొక్కండి. నొక్కేదాకా అక్కడ ఏమీ కనబడదు.

బటన్లకు సున్నా నుంచి 16 దాకా అంకెలుంటాయి. ఒక్కోటి నొక్కి వెలుగుతుందో చూడండి. నడిమధ్యన నొక్కి వదిలేయకండి, బటన్ అంచుల మీద కూడా నొక్కండి. చవక వాటిలో బంపర్ల (ట్రిగ్గర్లకు పైనుండే బటన్లు) దగ్గర ఇది బయటపడుతుంది: బయటి చివర నొక్కితే పనిచేస్తుంది, లోపలి చివర నొక్కితే చప్పుడు వస్తుంది గానీ తెర మీద వెలగదు. డి-ప్యాడ్ (ప్లస్ గుర్తులా ఉండే బటన్) మీద కుడివైపు మాత్రమే పదిసార్లు గబగబా నొక్కండి. మధ్యలో పైకో కిందికో ఒక్కసారి వెలిగినా రాసుకోండి. ఫైటింగ్ గేములు ఆడేవాళ్లకు అదొక్కటే చాలు, వెనక్కి పంపేయొచ్చు. కార్లు, ఫుట్‌బాల్ ఆడేవాళ్లు క్షమించవచ్చు.

5. స్టిక్: ఇక్కడ తొందరపడకండి

కంట్రోలర్ ముందుగా చచ్చేది ఇక్కడే. డబ్బులో తేడా ఉన్నా లేకున్నా చేతికి తేడా తెలిసేదీ ఇక్కడే.

ఒరిజినల్ ఎక్స్‌బాక్స్, ప్లేస్టేషన్ కంట్రోలర్ల స్టిక్కుల్లో ఉండేవి పొటెన్షియోమీటర్లు. లోపల కార్బన్ పట్టీ మీద ఒక చిన్న లోహపు ముల్లు రుద్దుకుంటూ తిరుగుతుంది. రుద్దుకున్నది ఏదైనా అరుగుతుంది కదా, డ్రిఫ్ట్‌కు పెద్ద కారణం అదే. ఇప్పుడు థర్డ్ పార్టీలు గొప్పగా చెప్పుకునే హాల్ ఎఫెక్ట్ స్టిక్‌లో అయస్కాంతం ఉంటుంది, సెన్సర్‌ను ఏదీ తాకదు. కొత్త సంగతేమీ కాదు, 1998లో వచ్చిన సెగా డ్రీమ్‌కాస్ట్ కంట్రోలర్‌లోనే ఉంది. గేమ్‌సర్ జీ7 ఎస్‌ఈ లాంటి లైసెన్సు ఉన్న వైర్ మోడల్‌లోనూ ఇవి వచ్చేశాయి. కానీ అయస్కాంతం ఉన్నంత మాత్రాన స్టిక్ నడిమధ్యకే వస్తుందని కాదు. మధ్యకు తెచ్చేది స్ప్రింగు. ఆ స్ప్రింగు నాసిది వేస్తే, ఫ్యాక్టరీలో క్యాలిబ్రేషన్ సరిగ్గా చేయకపోతే, హాల్ స్టిక్కూ మొదటి రోజే పక్కకు లాగుతుంది.

ఇప్పుడు పరీక్ష. కంట్రోలర్‌ను బల్ల మీద పెట్టి చేతులు తీసేయండి. పేజీలో ఎడమ స్టిక్‌కు రెండు, కుడి స్టిక్‌కు రెండు అంకెలు కనిపిస్తాయి. -1 నుంచి 1 వరకు వాటి హద్దు. నడిమధ్యలో సున్నాకు దగ్గరగా ఉండాలి. 0.02, 0.03 మామూలే. 0.05 దాకా నేను ఊరుకుంటాను. 0.1 దాటితే కొత్త కంట్రోలర్ అని చూడను, వెనక్కే.

తర్వాత స్టిక్‌ను పూర్తిగా ఎడమకు నెట్టి నెమ్మదిగా వదలండి, అంకె రాసుకోండి. మళ్లీ నెట్టి ఒక్కసారిగా వదిలేయండి, రాసుకోండి. నాలుగు దిక్కులా ఇలాగే. ఒక్కో దిక్కు నుంచి వచ్చినప్పుడు ఒక్కో చోట ఆగితే, అంటే ఎడమ నుంచి వస్తే -0.08, కుడి నుంచి వస్తే 0.07 అలా ఉంటే, స్ప్రింగు వదులన్నమాట. ఉత్తినే బల్ల మీద పెట్టి చూస్తే ఈ లోపం దొరకదు.

ఇక అసలు కిటుకు. నాలుగు అంకెలూ కచ్చితంగా 0.00000 చూపిస్తూ కాస్త కూడా వణకకపోతే మీరు సంతోషిస్తారు, నేను అనుమానిస్తాను. స్టిక్ మీద వేలు పెట్టి ఊపిరి బిగబట్టి, వెంట్రుకవాసి కదపండి. అంకె 0.01, 0.02, 0.03 అంటూ పెరుగుతూ రావాలి. కొన్ని కంట్రోలర్లలో ఎంత కదిపినా సున్నాయే ఉండి, హఠాత్తుగా 0.10కి గెంతుతుంది. డ్రిఫ్ట్ కనబడకుండా కంట్రోలర్ లోపలే ఒక డెడ్‌జోన్, అంటే స్టిక్ కదిలినా లెక్కచేయని మేర, పెట్టేశారు. దాని మీద గేమ్ పెట్టే డెడ్‌జోన్ ఇంకోటి పడుతుంది. షూటింగ్ గేమ్‌లో దూరంగా ఉన్నవాడి తల మీదికి గురిని రవ్వంత జరపాలనుకుంటారు, అది జరగదు. ఇంకాస్త నెడతారు, తల దాటి గోడ మీదికి పోతుంది. "చేతికి అలవాటు కాలేదేమో" అని నెల రోజులు మిమ్మల్ని మీరే తిట్టుకుంటారు. కొన్ని బ్రాండ్ల యాప్‌లో ఈ లోపలి డెడ్‌జోన్‌ను సున్నా చేసుకోవచ్చు. చేశాక అంకెలు మళ్లీ చూడండి.

ఒక గేమ్‌లో బాగుండి ఇంకో గేమ్‌లో డ్రిఫ్ట్ కనబడటానికీ కారణం ఇదే. ఎక్స్‌ఇన్‌పుట్‌లో మైక్రోసాఫ్ట్ డెవలపర్లకు సూచించిన డెడ్‌జోన్ ఎడమ స్టిక్‌కు 32,767లో 7,849, కుడి స్టిక్‌కు 8,689. అంటే దాదాపు పావు వంతు కదలికను గేమ్ మింగేస్తుంది. ఆ సూచన పాటించే గేమ్‌లో 0.15 డ్రిఫ్ట్ ఉన్నా మీకు తెలియదు. పాటించని ఫుట్‌బాల్ గేమ్‌లో మీ ఆటగాడు బంతి వదిలేసి కార్నర్ జెండా వైపు షికారు పోతాడు.

చివరగా, స్టిక్‌ను అంచుకు ఆనించి గుండ్రంగా నాలుగైదు చుట్లు తిప్పండి. టెస్టర్‌లో సర్క్యులారిటీ అనే పరీక్ష ఉంటే అది పెట్టుకోండి. గీసిన బొమ్మ వృత్తం బయటికి కాస్త పొంగితే బాధ లేదు, చాలా ఒరిజినల్స్‌కూ అలాగే ఉంటుంది. లోపలికి సొట్ట పడితే మాత్రం ఆ దిక్కున పూర్తి వేగం ఎప్పటికీ రాదు. మూలగా పరుగెత్తించినప్పుడు మనిషి నడకలోకి దిగిపోతాడు.

ఇవే అంకెలు ఒరిజినల్‌తోనూ తీసి పక్కపక్కన రాయండి. కొన్నిసార్లు ఒరిజినలే ఓడిపోతుంది, ఆశ్చర్యపోకండి.

6. ట్రిగ్గర్లు, వైబ్రేషన్

ట్రిగ్గర్‌ను ఐదారు సెకన్లు తీసుకుని చాలా మెల్లగా నొక్కండి. 0 నుంచి 1 వరకు గెంతులు లేకుండా ఎక్కాలి. సగంలో ఆపి పట్టుకుంటే అంకె నిలవాలి. పూర్తిగా వదిలితే సున్నాకు చేరాలి. 0.04 దగ్గర ఆగిపోయిందంటే కార్ల గేమ్‌లో సిగ్నల్ దగ్గర ఆపిన బండి దానంతటదే పాకుతుంది. ట్రిగ్గర్ స్టాప్ అని వెనక చిన్న లాక్ ఉన్న మోడళ్లలో ఆ లాక్ వేసి ఉంటే 1 చేరకపోవచ్చు. తప్పు పట్టేముందు దాన్ని తీసి చూడండి.

ఎక్స్‌బాక్స్ ఒరిజినల్‌లో మోటార్లు నాలుగు: పట్టుల్లో రెండు, ట్రిగ్గర్లలో రెండు. చాలా థర్డ్ పార్టీలలో పట్టుల్లోవి రెండే. కార్ల గేమ్‌లో బ్రేక్ జారినప్పుడు వేలికి తగిలే ఆ గరగర వాటిలో రాదు. పీఎస్5 ఒరిజినల్ కంట్రోలర్ డ్యూయల్‌సెన్స్‌లో బిగుసుకునే ట్రిగ్గర్లు, సన్నటి హ్యాప్టిక్స్ (చేతికి తగిలే అదురు) ఇంకా పెద్ద తేడా. లైసెన్సు ఉన్న ఖరీదైన థర్డ్ పార్టీలు కూడా వాటిని వదిలేసినవే ఎక్కువ. కథ ఉన్న పెద్ద గేములు పీఎస్5 మీద ఆడేవాళ్లకు నా సలహా ఒకటే, ఒరిజినల్‌కే పొండి.

డబ్బా మీద గైరో, వెనక నాలుగు బటన్లు అని చూసి మురిసిపోకండి. ఎక్స్‌ఇన్‌పుట్‌లో గైరోకు చోటే లేదు. వెనక బటన్లు కూడా అందులో కొత్త బటన్లుగా లెక్కకు రావు, ఏ-నో బీ-నో నకలు కొడతాయంతే. అది పనికిరాదని కాదు. స్టిక్ మీంచి బొటనవేలు తీయకుండా దూకడానికి బ్రహ్మాండంగా ఉంటుంది. విడివిడిగా కొత్త పనులు అప్పజెప్పొచ్చని అనుకోకండి.

7. ఆలస్యం ఎంత?

డబ్బా మీద 1000 హెర్ట్జ్ అని ఉంటే సెకనుకు 1,000 సార్లు, అంటే 1 మిల్లీసెకనుకోసారి కబురు పంపుతుందని. 125 అంటే 8 మిల్లీసెకన్లకోసారి. వినడానికి ఎనిమిది రెట్లు. కానీ 60 హెర్ట్జ్ తెర కొత్త బొమ్మ వేసేదే దాదాపు 17 మిల్లీసెకన్లకోసారి. మామూలు టీవీ మీద ఆడేవాళ్లు ఈ అంకె కోసం వెయ్యి రూపాయలు ఎక్కువ పెట్టడం దండగ.

కొలవాలంటే: వేలూ, తెరా రెండూ కనబడేలా ఫోన్ నిలబెట్టి 240 ఫ్రేముల స్లో మోషన్ పెట్టండి. గేమ్‌లో దూకే బటన్ పదిసార్లు నొక్కండి. వీడియోలో బటన్ కిందికి దిగిన ఫ్రేమ్ నుంచి తెర మీద మనిషి కదిలిన ఫ్రేమ్ వరకు లెక్కపెట్టండి. ఒక్కో ఫ్రేమ్ సుమారు 4 మిల్లీసెకన్లు. పదింటి సగటు తీసి, ఒరిజినల్‌తోనూ అదే గేమ్, అదే తెర, అదే బటన్. వచ్చిన మొత్తంలో తెర ఆలస్యం, గేమ్ ఆలస్యం కలిసే ఉంటాయి కాబట్టి ఉత్త అంకె మీద ఆధారపడకండి, రెండింటి తేడా చూడండి. తేడా నాలుగు ఫ్రేముల లోపైతే నాకు చేతికి తెలియలేదు. పది ఫ్రేములైతే క్రికెట్ గేమ్‌లో టైమింగ్ షాట్లన్నీ గాల్లోకి లేస్తాయి.

ఒకటి కేబుల్‌తో, ఇంకోటి బ్లూటూత్‌తో పెట్టి పోల్చడం అందరూ చేసే పొరపాటు. కేబుల్‌కు కేబుల్, వైర్‌లెస్‌కు వైర్‌లెస్. డాంగిల్ (యూఎస్‌బీలో గుచ్చే చిన్న వైర్‌లెస్ రిసీవర్) ఉన్నవాటికి ఇంకో చిక్కు: సీపీయూ వెనక యూఎస్‌బీ 3 పోర్టులో, హార్డ్ డిస్క్ కేబుల్ పక్కన గుచ్చితే సిగ్నల్ తెగుతుంది. ఆ పోర్టులు పుట్టించే రొద 2.4 గిగాహెర్ట్జ్ దగ్గరే పడుతుంది. చిన్న ఎక్స్‌టెన్షన్ కేబుల్ వేసి డాంగిల్‌ను బల్ల మీదికి తెచ్చి మళ్లీ చూడండి. "బటన్ నొక్కితే ఒక్కోసారి పడట్లేదు" అన్న ఫిర్యాదు నాకు తెలిసిన ముగ్గురికి ఈ యాభై రూపాయల కేబుల్‌తో తీరింది.

8. మీ గేమ్, మీ చెయ్యి, ఒక పూర్తి సాయంత్రం

అంకెలు అయ్యాయి. ఇప్పుడు మీరు రోజూ ఆడే గేమ్ పెట్టి కొత్త కంట్రోలర్‌తో కనీసం రెండు గంటలు ఆడండి. కొత్త గేమ్ వద్దు, తేడా గేమ్‌దో కంట్రోలర్‌దో తెలియదు. ఆడాక చూసుకోవాల్సింది స్కోరు కన్నా మీ చేతినే. చూపుడు వేలి మొదట నొప్పి ఉందా? బొటనవేలి కింద గీత పడిందా? చిటికెన వేలికి పట్టు దొరుకుతోందా? ఇంట్లో పిల్లలూ ఆడతారంటే వాళ్ల చేతికీ ఇచ్చి చూడండి.

పట్టు మీద రబ్బరు పూత ఉన్నవాటి గురించి నాకో పాత పగ ఉంది. డబ్బా తీసినప్పుడు మెత్తగా, ఖరీదుగా అనిపిస్తుంది. మన ఎండలకు, చెమటకు రెండు వేసవులు గడిచేసరికి ఆ పూత జిగురు కక్కుతుంది, బెల్లంపాకం పట్టుకున్నట్టు ఉంటుంది. బెజవాడలోనో విశాఖలోనో ఉంటే గీతలు చెక్కిన ఉత్త ప్లాస్టిక్ పట్టే తీసుకోండి.

9. కరెంటు సంగతి

ఎక్స్‌బాక్స్ ఒరిజినల్‌కు రెండు ఏఏ బ్యాటరీలు. పాతకాలంగా ఉందని నవ్వుతారు గానీ నాలుగు రీఛార్జబుల్ సెల్స్ కొని పెట్టుకుంటే బ్యాటరీ చచ్చిందని కంట్రోలర్ పారేసే పని ఎప్పటికీ రాదు. డ్యూయల్‌సెన్స్‌లో లోపలే 1,560 ఎంఏహెచ్. థర్డ్ పార్టీలలో లోపలి బ్యాటరీ ఎంతో డబ్బా మీద చూడండి, ఒకసారి పూర్తిగా ఛార్జ్ చేసి ఎన్ని గంటలు వచ్చిందో రాసుకోండి.

ఛార్జ్ ఎక్కట్లేదని తిప్పి పంపేముందు కేబుల్ మార్చండి. కొన్ని చవక కంట్రోలర్లు ఫోన్ ఫాస్ట్ ఛార్జర్‌తో వచ్చే సి-టు-సి కేబుల్‌కు పలకవు. ఒకవైపు పాత వెడల్పు యూఎస్‌బీ పిన్ను ఉన్న కేబుల్‌ను కంప్యూటర్‌కు పెడితే చక్కగా ఎక్కుతుంది. అలా ఎక్కితే లోపం చిన్నదే.

10. ఇక లెక్క

2020లో డ్యూయల్‌సెన్స్ మన దేశంలో 5,990కి వచ్చింది. ఆ ధరతో రెండో మూడో థర్డ్ పార్టీలు వస్తాయని అందరూ లెక్కేస్తారు. సగం లెక్క అది. మిగతా సగం: పాడైతే ఎవరు బాగుచేస్తారు?

ఒరిజినల్ స్టిక్ మాడ్యూల్స్ విడిగా దొరుకుతాయి. సికింద్రాబాద్‌లోని సీటీసీ కంప్యూటర్ మార్కెట్ లాంటి చోట బాగుచేసేవాళ్లూ ఉంటారు. ఒక్కో స్టిక్‌కు 14 చోట్ల సోల్డరింగ్ ఊడదీసి మళ్లీ పెట్టాలి, కాబట్టి చేతి నైపుణ్యం ఉన్నవాడికే ఇవ్వండి. థర్డ్ పార్టీకి స్పేర్లు దొరకడం కష్టం. దొరికేది వారంటీ ఒక్కటే, అది కూడా సర్వీస్ సెంటర్‌కు కొరియర్ ఖర్చు ఎవరిదో చూసుకుంటేనే.

నేను తేల్చే తీరు ఇది. కంప్యూటర్ మీద, కేబుల్‌తో, కార్లు, ఫుట్‌బాల్, క్రికెట్ ఆడేవాళ్లకు ఐదో మెట్టు దాటిన హాల్ ఎఫెక్ట్ థర్డ్ పార్టీ చాలు. ఒరిజినల్ అక్కర్లేదు. ఇంటికి వచ్చే స్నేహితుల కోసం రెండో కంట్రోలర్ కావాలన్నా అదే. పీఎస్5 వాళ్లకు ఒరిజినల్. ఎక్స్‌బాక్స్ కన్సోల్‌కు లైసెన్సు ఉన్న వైర్ మోడల్ లేదా ఒరిజినల్, మధ్యలో ఇంకేదీ వద్దు. వెయ్యి రూపాయల లోపు వైర్‌లెస్ అని ఊరించేవాటిని చుట్టాలబ్బాయికి పుట్టినరోజు కానుకగా కూడా ఇవ్వకండి, మళ్లీ ఫోన్ మీకే వస్తుంది.

ఉంచుకోవాలని నిర్ణయించుకుంటే ఒక చిన్న పని మిగిలింది. టెస్టర్ పేజీలో నాలుగు అంకెలూ కనబడేలా ఫోటో తీసి బిల్లు ఫోటో పక్కనే దాచుకోండి. వారంటీ అయిపోవడానికి నెల ముందు ఫోన్లో అలారం పెట్టుకోండి. ఆ రోజు అదే పేజీ తెరిచి, అదే బల్ల మీద పెట్టి చూడండి. 0.02 ఉన్నది 0.12 అయితే గేమ్‌లో ఇంకా తెలియకపోయినా ఆగకుండా క్లెయిమ్ పెట్టేయండి.